పెరటి సమస్యలకు శాశ్వత పరిష్కారాలు

రెండొందల గజాల్లో ఇల్లు కట్టగా ఇంకా కాస్త మట్టి మిగిలిపోయిందా? కంగారు పడకండి. చాలామందికి ఇలాగే జరుగుతుంది. ఈ కింది పద్ధతులు పాటిస్తే ఒక్క వేసవిలో వదిలించుకోవచ్చు.

ముందు సమస్యల జాబితా రాసుకోండి. వేప ఆకులు రాలుస్తోంది. మునక్కి గొంగళి పురుగులు పడుతున్నాయి. సపోటాకి రాత్రుళ్ళు గబ్బిలాలొస్తున్నాయి. వానొస్తే మట్టి తడుస్తోంది. ఇవన్నీ చెట్లకీ మట్టికీ ఉండే లక్షణాలేనని ఎవరైనా అంటే, వాళ్ళకి సొంతిల్లు లేదని అర్థం.

తర్వాత ఫోన్‌లో బాలి ఫొటోలు చూడండి. చెక్క నేల, తెల్ల కుర్చీలు, మధ్యలో చిన్న కొలను. మే నెల విజయవాడ మధ్యాహ్నం ఆ ఫొటోలో ఉండదు కనక లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. సాయంత్రం ఎండ తగ్గాక కూర్చుంటామంటారా? కొలను కట్టారుగా, దోమలు అప్పటికే కూర్చుని ఉంటాయి.

మొక్కల కోసం కడియం దాకా వెళ్ళండి. రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. ఏ మొక్కకి ఎంత ఎండ కావాలి, ఎంత ఎత్తు పెరుగుతుంది అని అడిగి పరువు తీసుకోవద్దు. డిక్కీ మూత పడనంతగా కొని తెచ్చి, నల్ల ప్లాస్టిక్ సంచితో సహా గోతిలో దించెయ్యండి. వేళ్ళు సంచిలోనే గుండ్రంగా చుట్టుకుంటూ ఉంటాయి. ఆర్నెల్లకి మొక్క వాడిపోతే నర్సరీవాణ్ణి తిట్టండి.

ప్లాస్టిక్ గడ్డి పరిస్తే నీళ్ళక్కర్లేదు, కోయక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడవకపోతే చాలు.

కరివేపాకు చెట్టు పక్కింట్లో ఉండాలి.

ఈశాన్యంలో వేప బరువని కొట్టించి, అక్కడే బోరు వేయించండి.

ఇక అసలు వైద్యం బండలు. తాండూరు బండలో, కడప బండలో, పార్కింగ్ టైల్సో మీ ఇష్టం; ప్రహరీ నుంచి ప్రహరీ దాకా వేలెడు సందు లేకుండా పరిపించాలి. మేస్త్రీ తాడు కట్టి, లెవెల్ చూసి, వాటం గేటు వైపు పెడతాడు. ‘చుక్క నీరు నిలవదు సార్’ అంటాడు. నిజమే, నిలవదు. వంద గజాల మీద అంగుళం వాన పడితే 2,100 లీటర్ల పైమాటే. రెండున్నర అంగుళాలు పడితే, 5,000 లీటర్ల ట్యాంకరుడు నీళ్ళు మన గేటు దాటి, రోడ్డెక్కి, పల్లంలో ఉన్నవాళ్ళ సెల్లార్లోకి పోతాయి. ఏప్రిల్లో బోరు ఎండితే అదే కొలత ట్యాంకరుని డబ్బులిచ్చి పిలిపించుకుంటాం. వాన నీటిని ఇంకించే సంగతి 2002 నాటి వాల్టా చట్టంలో ఉందిగా అంటారేమో. ఉంది. ఇంకుడు గుంత మన ప్లానులోనూ ఉంది. దాని మీద కారు ఉంది.

మామిడి చెట్టుని మాత్రం ఉంచాలనుకుంటే మొదలుకి ఆనించి సిమెంటు పూయించండి. చుట్టూ తెల్ల గులకరాళ్ళు పేర్చితే అందం. వేళ్ళకి గాలీ నీరూ అందక కొమ్మలు పైనుంచి ఎండుతూ వస్తే ‘ఏదో తెగులండీ’ అనండి.

వెటకారం కాసేపు పక్కనపెడితే, ఈ బండలు ఉత్త పిచ్చితో వేయించుకున్నవి కావు. మనం తలుచుకుని మురిసిపోయే ఆ పాత పెరటిని తెల్లారకముందే లేచి ఊడ్చిందెవరు? వాకిట్లో కళ్ళాపి చల్లి, అంట్లు తోమిన నీళ్ళు అరటి పాదుకి మళ్ళించి, వానాకాలం పాచి మీద జారిపడకుండా మునివేళ్ళ మీద నడిచింది అమ్మ. మనం బాదం చెట్టు కింద మంచం వేసుకుని పుస్తకాలు చదివాం. మోకాళ్ళు అరిగాక ఆవిడే ‘ఈ మట్టి నావల్ల కాదురా, ఏ బండలో వేయించెయ్’ అంది. ఆ చీపురు మనం అందుకోవచ్చన్న ఆలోచన ఇంట్లో ఒక్క మగవాడికీ రాలేదు. మేస్త్రీని పిలవాలన్న ఆలోచన మాత్రం వెంటనే వచ్చింది.

కనక బండలు వద్దని చెప్పే మొహం మనలో చాలామందికి లేదు. మీ ఇంట్లో పని ఇంకా మొదలు కాకపోతే మాత్రం మేస్త్రీతో ఒక మాట చెప్పండి: చెట్టు చుట్టూ మూడడుగులు, ప్రహరీ వెంబడి అడుగు వెడల్పున మట్టి వదిలెయ్యమనండి. వాటం ఆ మట్టి వైపే పెట్టమనండి. బండలు తగ్గుతాయి, కూలీ తగ్గుతుంది. రాలిన ఆకులు మీరే ఊడవండి.