రెండు వారాల్లో ఒరాంగుటాన్ మనసు గెలవడం ఎలా?

ఆఫీసులో పని ఎక్కువై, మనసు విరిగి, బోర్నియో వర్షారణ్యంలో జంతువుల సంరక్షణ కేంద్రానికి వాలంటీరుగా వెళ్దామని టికెట్ కొనేశారా? శుభం. హైదరాబాదు నుంచి కౌలాలంపూర్, అక్కణ్ణించి సబా రాష్ట్రంలోని శాండకాన్, ఆ ఊరికి పాతిక కిలోమీటర్లలో సెపిలోక్. 1964లో మొదలైన ఒరాంగుటాన్ పునరావాస కేంద్రం అక్కడే ఉంది. దాని పక్కనే వాంగ్ సియూ టే అనే జీవశాస్త్రవేత్త 2008లో స్థాపించిన సన్ బేర్ ఎలుగుల కేంద్రం ఉంది. ఈ వివరాలతో మీకు పనిలేదు. మీకు కావలసింది ఒరాంగుటాన్ పిల్ల మీ మెడ చుట్టూ చేతులేసుకుని నిద్రపోతున్న ఫొటో. దాన్ని ఎలా సంపాదించాలో చెబుతాను, వినండి.

మొదటి మెట్టు, కేంద్రాన్ని ఎంచుకోవడం. వెబ్‌సైట్ తెరవగానే ‘జంతువులను ముట్టుకోనివ్వం’ అని కనిపిస్తే వెంటనే మూసెయ్యండి. డబ్బులు కట్టి మరీ చాకిరీ చేస్తామని వస్తుంటే అదేం మర్యాద? రోజూ పిల్ల జంతువుకు పాలసీసా పట్టే అవకాశం ఇస్తామనే చోటు వెతకండి. ఏడాది పొడవునా పాలు తాగే వయసు పిల్లలే వాళ్ళకు ఎక్కణ్ణించి దొరుకుతున్నాయి, నిరుడు పాలు తాగిన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నాయి అని అడక్కండి. ఎన్నింటిని అడవిలో వదిలారు, వాటిలో ఎన్ని బతికాయి, లైసెన్సు ఉందా, పశువైద్యుడు ఉన్నాడా అని ఆరా తీయడం పెళ్ళిచూపుల్లో అబ్బాయి అప్పుల గురించి అడిగినట్టు ఉంటుంది. ఫొటోలు బాగున్నాయి కదా, చాలు.

ఎన్నాళ్ళుండాలి? కనీసం రెండు వారాలు, వీలైతే నెల ఉండమని అంటారు. పని నేర్పడానికే మొదటి వారం సరిపోతుందని, కాస్త చెయ్యి తిరిగేసరికి మనిషి వెళ్ళిపోతే మళ్ళీ మొదటికొస్తుందని వాళ్ళ బాధ. మీరు మాత్రం లాంగ్ వీకెండ్ చూసుకుని వెళ్ళండి. నేర్చుకోవడం తగ్గితే తప్పులూ తక్కువే కనిపిస్తాయి, ఎందుకంటే అవి బయటపడేలోగా మీరు విమానంలో ఉంటారు.

ఇక ఆరోగ్య పరీక్షల గోల. క్షయ లేదని, హెపటైటిస్ లేదని కాగితాలు తెమ్మంటారు. మనిషికీ ఒరాంగుటాన్‌కీ జన్యువుల్లో దాదాపు 97 శాతం పోలిక ఉంది కాబట్టి మన జబ్బులు దానికి ఇట్టే అంటుకుంటాయట. మనల్ని మూడు రోజులు విసిగించి పోయే జలుబు దాని ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం మీదకి తేవచ్చట. నిజమే కావచ్చు. కానీ మీ టికెట్ నాన్-రిఫండబుల్. ముక్కు కారుతుంటే పొద్దున్నే ఒక డోలో 650 వేసుకుని, తుమ్మొచ్చినప్పుడు కాస్త పక్కకు తిరగండి. ఎవరికీ చెప్పకండి. మాస్క్ ఎలాగూ ఇస్తారు, దాన్ని గడ్డం కిందికి లాగి ఉంచుకోండి. ముఖం కనపడకపోతే ఫొటోలో ఉన్నది మీరేనని ఊళ్ళో ఎవరు నమ్ముతారు? కోతిజాతి జంతువులతో ఫొటో దిగితే మాస్క్ ఉండాలని, కనీసం 7 మీటర్ల దూరం ఉండాలని 2021లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ నిపుణులు మార్గదర్శకాలు రాశారు. ఏడు మీటర్ల సెల్ఫీ కర్ర ఎక్కడ అమ్ముతారో మాత్రం రాయలేదు.

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం. పిల్ల ఒరాంగుటాన్ కనిపించగానే చంకనెత్తుకోండి.

అది ఎత్తుకోమనే చూస్తుంది. అడవిలో అయితే ఆరేడేళ్ళు తల్లిని వదలని జీవి అది. ఒక కాన్పుకీ ఇంకో కాన్పుకీ తల్లి ఏడెనిమిదేళ్ళు ఎడం ఇస్తుంది. ఏ పండు ఎప్పుడు మాగుతుందో, ఏ కొమ్మ బరువు ఆపుతుందో, సాయంత్రమయ్యేసరికి కొమ్మలు వంచి, ఆకులు పరిచి, చెట్టు మీద గూడు ఎలా కట్టుకోవాలో ఆ ఏళ్ళన్నీ తల్లిని చూసి నేర్చుకుంటుంది. తల్లి బతికుండగా పిల్ల మనిషి చేతికి రాదు. అందుకని కేంద్రానికి వచ్చిన ప్రతి పిల్ల వెనకా ఒక చచ్చిపోయిన తల్లి ఉందనే లెక్క. అలాంటి అనాథను కీపర్లు ఏం చేస్తారో తెలుసా? తాడు ఎక్కిస్తారు. కొమ్మ పట్టిస్తారు. కిందికి దిగి కాళ్ళకు చుట్టుకుంటే విడదీసి మళ్ళీ చెట్టు మీదికే పంపిస్తారు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మీరు అలా రాయిగుండెతో ఉండకండి. నేల మీదే ఆడించండి, రాత్రికి దుప్పటి కప్పండి, గూడు కట్టే కష్టం దానికెందుకు?

తిండి విషయంలోనూ ఇదే కాఠిన్యం. సెపిలోక్‌లో ఉదయం పదింటికీ, మధ్యాహ్నం మూడింటికీ అడవి మధ్య చెక్క మంచె మీద పళ్ళు పెడతారు. రోజూ ఇంచుమించు అవే. కావాలనే మార్పు లేకుండా పెడతారు, విసుగెత్తి సొంతంగా అడవిలో వెతుక్కోవాలని. మంచె దగ్గరికి ఒక్కటీ రాని రోజున టికెట్ కొన్న సందర్శకులు ముఖాలు వేలాడేసుకుని వెళ్తారు, కీపర్లకు మాత్రం ఆరోజు పండగ. మీరు ఈ అన్యాయాన్ని సరిదిద్దాలి. జేబులో ఖర్జూరం, జీడిపప్పు, అమ్మ పెట్టిన సున్నుండలు ఉంచుకోండి. మీ అడుగుల చప్పుడు వినగానే చెట్టు దిగొచ్చేలా అలవాటు చేయండి. అదే ప్రేమకు గుర్తు.

ఆ ప్రేమ పెరిగి పెద్దదై 80 కిలోల మగ ఒరాంగుటాన్ అయ్యాక, సున్నుండ కోసం పక్కనున్న పామాయిల్ తోటలోకి చేతులు చాచుకుంటూ వెళ్తుంది. అక్కడ గెలలు కోస్తున్న కూలీకి దాని చిన్ననాటి ముచ్చట్లు తెలియవు. అతని చేతిలో కత్తి ఉంటుంది. అప్పటికి మీరు టీమ్ లీడ్ అయ్యుంటారు కాబట్టి ఆ గొడవ మీకు చేరదు.

పనిలో పని, ఎలుగుల సంగతి. సన్ బేర్ ప్రపంచంలోని ఎలుగుబంట్లలో అన్నిటికంటే చిన్నది. నల్లటి ఒళ్ళు, రొమ్ము మీద పసుపు మచ్చ, 20 సెంటీమీటర్లకు పైగా సాగే నాలుక. పిల్లగా ఉన్నప్పుడు ముద్దుగా ఉంటుందని ఇళ్ళల్లో పెంచుతారు, గోళ్ళు పెరిగి గుమ్మాలు చీల్చడం మొదలుపెట్టగానే ఇనుప బోనులో పడేస్తారు. సిమెంటు నేల మీద ఏళ్ళు గడిపి వచ్చిన కొన్నిటికి మట్టి మీద పాదం ఆన్చడమే భయం. బోనులో ఉన్నన్నాళ్ళూ ఈ మూల నుంచి ఆ మూలకు నాలుగడుగులు, తల విసిరి వెనక్కి తిరగడం, మళ్ళీ నాలుగడుగులు. ఆ తిరుగుడు బయటికొచ్చాక కూడా పోదు. పచ్చటి చెట్ల కింద కూడా లేని బోను గోడ దగ్గర ఆగి వెనక్కి తిరుగుతాయి.

దీన్ని మాన్పించడానికే ఎలుగుల కేంద్రంలో వాలంటీర్ల చేత రోజంతా పని చేయిస్తారు. పెంట ఎత్తి, గచ్చు కడిగి, పళ్ళు తరిగి, తూకం వేసి, ఆ తర్వాత దుంగకు రంధ్రాలు పెట్టి లోపలికి తేనె కూరడం. వెదురు బొంగులో తిండి నింపి రెండు కొసలా ఆకులు కుక్కడం. ఫైరింజన్ల పాత గొట్టాలను చీల్చి ఉయ్యాల అల్లడం. మీరు మధ్యాహ్నమంతా చేతులు బొబ్బలెక్కేలా తయారుచేసిన దుంగను ఎలుగు ముందు పెడితే అది మీవైపు కన్నెత్తి చూడదు. వెల్లకిలా పడుకుని, దుంగను నాలుగు కాళ్ళతో పొట్ట మీద పట్టుకుని, రంధ్రంలోకి నాలుక దూర్చి, రాకపోతే గోటితో చెక్కి, పళ్ళతో కొరికి, ఎంతసేపైనా దాని లోకంలో అది ఉంటుంది. కాసేపటికి కీపర్ గడియారం చూసుకుని, ‘ఇంతసేపూ తిరగలేదు’ అని పుస్తకంలో రాసుకుంటాడు. థాంక్యూ లేదు, లైకు లేదు. ఇంత వృథా ప్రయాస ఎందుకు? తేనెను ఒక పళ్ళెంలో పోసి ముందు పెట్టండి. అర నిమిషంలో నాకేస్తుంది, మిగతా రోజంతా తిరుగుతుంది. మీకు కూడా రూముకెళ్ళి పడుకునే వీలుంటుంది.

రీల్స్ చేసేవాళ్ళకు స్లో లోరిస్‌ని మించిన నటుడు లేడు. మన శేషాచలం అడవుల్లో ఉండే దేవాంగ పిల్లికి చుట్టం. కితకితలు పెడితే పెద్ద కళ్ళు చేసుకుని రెండు చేతులూ పైకెత్తే వీడియో 2009 ప్రాంతంలో లోకమంతా తిరిగింది. చేతులెత్తడం అంటే సరదా కాదని, మోచేతి దగ్గరున్న విషగ్రంథిని నాకి ఆ విషాన్ని కాటులోకి ఎక్కించడానికి సిద్ధమవడమని, కోతిజాతిలో విషం ఉన్నది దానికొక్కదానికేనని నిపుణులు మొత్తుకుంటారు. 2007లోనే వీటి అంతర్జాతీయ వ్యాపారం నిషేధించారు. అయినా బజారులో అమ్మేవాళ్ళు కరవకుండా ముందుపళ్ళు కత్తిరించి మరీ ఇస్తారు, పళ్ళు లేనిదాన్ని మళ్ళీ అడవిలో వదలలేరు. ఇవన్నీ క్యాప్షన్‌లో పట్టవు. ‘సో క్యూట్’ సరిగ్గా పడుతుంది.

పొడుగుముక్కు ప్రొబోసిస్ కోతి కనిపిస్తే బాగా మాగిన అరటిపండు ఇవ్వండి. ఆకులూ పచ్చికాయలూ అరిగించుకునే దాని పొట్టలో పండు తీపి పులిసి, గ్యాస్ పట్టి ప్రాణం పోవచ్చంటారు. అతిథికి పచ్చికాయ పెట్టే సంప్రదాయం మనకు లేదు కదా.

ఖడ్గమృగాన్ని చూపించమని కూడా పట్టుబట్టండి. మలేషియాలో మిగిలిన చివరి సుమత్రా ఖడ్గమృగం, ఇమాన్ అనే ఆడది, ఇదే సబాలో 2019 నవంబరులో చనిపోయింది. కీపర్ ముఖం మారితే ఫీజులో తగ్గింపు అడగడానికి అదే మంచి సమయం.

జలగల గురించి భయపడొద్దు. పొడుగు మేజోళ్ళు తెచ్చుకోమంటారు, మీరు షార్ట్స్‌లో వెళ్ళండి. పట్టుకున్నప్పుడు గోటితో మెల్లగా కొస విడదీయమంటారు. మన వంటింటి ఉప్పు ఉండగా అదేం పని? ఉప్పు చల్లితే కడుపులో ఉన్నది మీ గాయంలోనే కక్కి మరీ పోతుంది. ఇక దోమల మందు సీసా, సంచీ బయటి లాకర్లో పెట్టమంటే ససేమిరా అనండి. ఒరాంగుటాన్ లాక్కుని సీసా మూత తీసి తాగితే, కంపెనీ వాళ్ళ ప్యాకింగ్ లోపం.

దారి పొడవునా కనిపించే పామాయిల్ తోటల గురించి డ్రైవరుతో మాట పెట్టుకోకండి. ఏలూరు, అశ్వారావుపేట చూసినవాళ్ళకు ఆ చెట్టు కొత్త కాదు. కాకపోతే అక్కడ చాలాచోట్ల దానికి ముందు ఉన్నది వరిచేను కాదు, అడవి. 2016లో బోర్నియో ఒరాంగుటాన్‌ని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. పామాయిల్‌ని ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునేది మన దేశమే. ఈ రెండు వాక్యాల్నీ పక్కపక్కన పెట్టకుండా ఉంటే ఎయిర్‌పోర్టులో చిప్స్ ప్యాకెట్ హాయిగా తినొచ్చు.

రెజ్యూమెలో ‘వన్యప్రాణి పునరావాస నిపుణుడు, బోర్నియో’ అని రాసుకోండి. చీపురు, పార, బొంగు గురించి ప్రస్తావించకండి.

బయల్దేరే రోజున, మీకు పనికిరావు అనుకుంటే గమ్‌బూట్లు వదిలి వెళ్తారా అని కేంద్రంవాళ్ళు మొహమాటంగా అడగొచ్చు. తర్వాత వచ్చే వాలంటీరుకు పనికొస్తాయని వాళ్ళ ఆశ. ఇవ్వకండి. డబ్బులు పెట్టి కొన్నవి. బురద కడక్కుండా అలాగే సూట్‌కేసులో పెట్టేయండి, కస్టమ్స్‌లో అడిగితే ఆ మట్టి జ్ఞాపిక అని చెప్పండి.