రౌటర్ ద్విపదలు: టీకా తాత్పర్య సహితం

మూలం

రౌటర్> ఎనేబుల్
రౌటర్# కాన్ఫ్ టీ
రౌటర్(కాన్ఫిగ్)# ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్ 0/0
రౌటర్(కాన్ఫిగ్-ఐఎఫ్)# నో షట్‌డౌన్
రౌటర్(కాన్ఫిగ్-ఐఎఫ్)# ఎండ్
రౌటర్# కాపీ రన్ స్టార్ట్

అవతారిక

నెట్‌వర్కింగ్ నేర్వబూనిన శిష్యుడొకడు లేతనీలం కన్సోల్ కేబులును ఒక కొస రౌటర్‌కు, మరొక కొస ల్యాప్‌టాప్‌కు తగిలించి, వేగం 9600గా పెట్టి, ఎంటర్ కొట్టగా, నల్లని తెర మీద ఒక పేరూ దాని పక్కన ఒక గుర్తూ ప్రత్యక్షమై ఊరకున్నాయి. మెనూ లేదు, మౌస్‌కు పనిలేదు. అట్టి సమయంలో చెప్పినది ఈ రచన. భాష సిస్కో వారి ఐఓఎస్. ఆ సంస్థను 1984లో కాలిఫోర్నియాలో లెనార్డ్ బోసాక్, శాండీ లెర్నర్ దంపతులు స్థాపించారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో సిస్కో వారి సర్టిఫికెట్ కోర్సు సీసీఎన్‌ఏ చదివినవారికి ఈ ఆరు పాదాలూ కంఠతా వచ్చు. అర్థం సంగతి ఉద్యోగంలో చేరాక చూసుకుంటారు.

ఛందస్సు

ఆరు పాదాలు గనుక మూడు ద్విపదలు. గణాలు లెక్కకు రావు, యతి ఊసే లేదు. ప్రాస మాత్రం భేషుగ్గా కుదిరింది: ప్రతి పాదంలోనూ రెండో అక్షరం టకారమే. ఇందులో కవి ప్రతిభ ఏమీ లేదు, పాదం మొదటి పేరును యంత్రమే వేస్తుంది. ముందే హోస్ట్‌నేమ్ మార్చి గుంటూరు అని పెట్టుకున్నా ప్రాస చెడదు. కనుక దీన్ని మంజరీ ద్విపద అనేవారి మాట చెల్లదు.

ప్రతిపదార్థం

రౌటర్ = రౌటర్ అను పేరుగల యంత్రమునందు; > = చూచుటకే గాని మార్చుటకు అధికారము లేనివాడనై; ఎనేబుల్ = అధికారమిమ్మని అడిగి; # = ఆ అధికారమును పొంది; కాన్ఫ్ టీ = ఈ కీబోర్డు నుండియే మార్పులు చేయుదునని తెలిపి; (కాన్ఫిగ్)# = యంత్రమంతటికిని వర్తించు మార్పులు చేయదగు చోట నిలిచి; ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్ 0/0 = ఒక పోర్టును పేరుపెట్టి పిలిచి; (కాన్ఫిగ్-ఐఎఫ్)# = ఆ పోర్టునకే పరిమితుడనై; నో షట్‌డౌన్ = మూసియున్న దానిని తెరచి; ఎండ్ = ఒక్క ఊపున #కు మరలివచ్చి; కాపీ రన్ స్టార్ట్ = చేసినదానిని భద్రపరచితిని.

తాత్పర్యం

ఓయి శిష్యా! పోర్టు తెరుచుటకు కావలసినది నో షట్‌డౌన్ అను ఒక్క పాదమే. తక్కినవన్నియు ఆ చోటికి పోవుట, అచ్చటినుండి వచ్చుట, వచ్చినపిదప వ్రాసిపెట్టుకొనుట.

విశేషాలు

ఈ రచనకు ప్రాణం కర్సర్‌కు ఎడమనున్న గుర్తులో ఉంది. > దగ్గర ఉన్నవాడు పెళ్లివారి వంటశాలలోకి తొంగిచూసిన చుట్టం: వాసన చూడొచ్చు, గరిటె ముట్టరాదు. # వస్తే గరిటె చేతికొచ్చినట్టే. బ్రాకెట్‌లో ఏముందో చదవకుండా కమాండ్ కొట్టేవాడికి ఐఓఎస్ ఎన్నటికీ అర్థం కాదని ఈ వ్యాఖ్యాత నిశ్చితాభిప్రాయం. #లో నిక్షేపంలా నడిచిన షో కమాండ్, (కాన్ఫిగ్)#లో తప్పై కూర్చుంటుంది. అక్కడ దాని ముందు డూ చేర్చాలి.

రెండో పాదంలో ‘కాన్ఫిగర్ టెర్మినల్’ అని పాఠాంతరం. రెండూ గ్రాహ్యాలే. వేరే కమాండ్‌తో గందరగోళం లేనంతవరకూ మాటను ఎంత పొట్టిగానైనా కొట్టవచ్చునని ఐఓఎస్ మతం. ‘కాన్’ దగ్గరే ఆగితే కాన్ఫిగరా, కనెక్టా తేలక ‘యాంబిగ్యుయస్ కమాండ్’ అని తిప్పికొడుతుంది. మిగతా అక్షరాలు ట్యాబ్ కీ పూరిస్తుంది. సమస్యాపూరణంలో దానికి సాటి లేదు.

మూలంలో లేకపోయినా చెప్పక తప్పనిది ప్రశ్నార్థకం. దీనికి ఎంటర్ అక్కర్లేదు, కొట్టగానే జవాబు పరుస్తుంది. సూక్ష్మమంతా ఖాళీలో ఉంది. మాటకు ఆనించి ? కొడితే ఆ అక్షరాలతో మొదలయ్యే మాటలు చూపిస్తుంది. ఒక ఖాళీ వదిలి కొడితే ఆ మాట తర్వాత ఏమేం రావచ్చో చూపిస్తుంది. జాబితా తెరలో పట్టకపోతే అడుగున ‘మోర్’ అని ఆగుతుంది. స్పేస్‌బార్‌తో ఒక తెర, ఎంటర్‌తో ఒక వరుస ముందుకు పోతుంది, క్యూ కొడితే వదిలేస్తుంది. మాట మధ్యలో తప్పితే, ఎక్కడినుంచి తనకు బోధపడలేదో సరిగ్గా ఆ చోటి కింద ^ గుర్తు పెడుతుంది. మన పుస్తక సమీక్షకుల్లో ఇంత కచ్చితంగా వేలుపెట్టి చూపేవారు అరుదు.

మొదటి పాదంలో ఎనేబుల్‌ను ‘ఎనబ్లే’ అని రాస్తే ఏమగును? అది కమాండ్ కాదు గనుక ఎవరో యంత్రం పేరై ఉంటుందని రౌటర్ తలపోస్తుంది. ఆ పేరుగల యంత్రం చిరునామా చెప్పమని 255.255.255.255కు, అనగా ఊరందరికీ, కేకవేస్తుంది. పలికేవారుండరు. కర్సర్ కదలదు. ఏ కీ నొక్కినా స్పందన లేక శిష్యుడు యంత్రం చచ్చిందనుకుని వెనకనున్న స్విచ్ వైపు చెయ్యి చాస్తాడు. కంట్రోల్, షిఫ్ట్, 6 మూడూ కలిపి నొక్కితే ఈ కేక ఆగుతుంది. కాన్ఫిగ్‌లో ‘నో ఐపీ డొమైన్-లుకప్’ అని రాసుకుంటే ఇక పుట్టదు. ప్రయోగశాలల్లో మొట్టమొదట కొట్టే కమాండ్ అదే కావడానికి కారణం ఇదే.

నాలుగో పాదాన ‘నో’ ఎందుకన్న శంక ఉంది. సిస్కో రౌటర్ పోర్టులు మామూలుగా మూసే వస్తాయి, ఆ మూతకు పేరు షట్‌డౌన్. ఐఓఎస్‌లో ఏ అమరికను తొలగించాలన్నా దాని ముందు నో తగిలించడమే పద్ధతి.

ఐదో పాదంలో ఎండ్‌కు బదులు ఎగ్జిట్ ఉండవచ్చు గదా అని పూర్వపక్షం. ఎగ్జిట్ ఒక్క మెట్టే దింపుతుంది. లెక్క తప్పి # దగ్గర మరోసారి కొడితే ఏకంగా బయటికే పంపుతుంది. ఎండ్ ఎంత లోతున ఉన్నా #కు చేర్చి అక్కడ ఆపుతుంది. కనుక మూలపాఠమే సాధువు.

చివరి పాదం లేకపోతే కరుణరసం. చేసిన మార్పులన్నీ ర్యామ్‌లో ఉంటాయి, కరెంటు పోతే అవీ పోతాయి. కాపీ రన్ స్టార్ట్ వాటిని కరెంటు పోయినా చెరగని ఎన్‌వీర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. అప్పుడది ఒక ప్రశ్న వేస్తుంది. అడిగేది ఫైలు పేరు, అనుమతి కాదు. ఎస్ అని కొట్టకూడదు, ఉత్త ఎంటర్ చాలు. సేవ్ చేయకుండా రీలోడ్ అన్నవాడిని మాత్రం సేవ్ చేయమంటావా అని అడుగుతుంది, అక్కడ ఎస్ అనో నో అనో రాయాలి. ఆ వెంటనే కన్ఫర్మ్ అంటుంది, మళ్లీ ఎంటర్ చాలు. మూడు ప్రశ్నలకూ ఒకే తీరు జవాబు ఎందుకు పెట్టలేదన్న విషయమై వ్యాఖ్యాతలు మౌనం వహించారు.