వచ్చిందా?

మానవుడు తన యింటి మేడ యెక్కుటకు వెన్నెల, వడియములు, వేసవి నిద్ర అను మూడు హేతువులు తప్ప నాలుగవది లేని కాలమున నేను పుట్టితిని. ఆ నాలుగవ హేతువు నా యిరువది రెండవ యేట నన్ను వెదకికొని వచ్చినది మొదలు నేటివరకు, డెబ్బది దాటిన యీ మోకాళ్లతో, నేను మెట్లెక్కుచునే యున్నాను. పైనుండి నేను "వచ్చిందా?" అని యరచుట, క్రిందనుండి "రాలేదు" అని ప్రత్యుత్తరము వచ్చుట, ఈ రెండు మాటలతోనే మా దాంపత్య సంభాషణలో సగము గడచిపోయినదనిన అతిశయోక్తి కాదు. తక్కిన సగము కొబ్బరికాయల లెక్క.

దూరదర్శనముతో నాకు తొలి పరిచయము కోనసీమలో కలుగలేదు. కర్నూలు జిల్లాలోని యొక మెట్టపల్లెలో కలిగెను. నేను తెలుగు పండితుడనై ఆ యూరి పాఠశాలలో చేరిన యేడే, 1975 ఆగస్టు 1వ తేదీన, అమెరికావారి యొద్ద ఒక యేడాదికి ఎరవు తెచ్చుకొన్న ఏటీఎస్-6 అను ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 పల్లెలకు బొమ్మలు పంపెడి మహాప్రయోగ మొకటి ఆరంభమయ్యెను. ఆ పల్లెలలో మాదియు నొకటి. బడి ప్రక్కన పది అడుగుల వెడల్పు గల గొడుగొకటి వెలసినది. గొడుగనగా గుడ్డ గొడుగు కాదు. కోళ్లగూళ్లకు కట్టెడి యినుపవలను చట్రమునకు బిగించి ఆకాశమువైపు త్రిప్పినది. ఊరి పెద్ద యొకాయన దాని చుట్టును ప్రదక్షిణముగా ఒకసారి, అప్రదక్షిణముగా ఒకసారి తిరిగి, గంభీరముగా "కోళ్లెప్పుడొస్తాయి పంతులూ?" అని యడిగెను.

కోళ్లు రాలేదు గాని, సాయంకాలమగుసరికి ఊరంతయు వచ్చెడిది. ఎరువులను గూర్చి, పశువుల రోగములను గూర్చి, పసిపిల్లల పోషణమును గూర్చి పెట్టె తెలుగులో చెప్పుచుండగా, పెండ్లి కాని నేను ఆ పెట్టెకు సంరక్షకుడనై, ముందు వరుసలోని పిల్లలను వెనుకకు నెట్టుచు గొప్ప అధికారము వెలగబెట్టితిని. సరిగా సంవత్సరము తిరుగగానే, 1976 జూలై 31తో, గడువు ముగిసినదని అమెరికావారు తమ ఉపగ్రహమును తాము తరలించుకొనిరి. ఆ సంగతి ఊరివారికి నచ్చజెప్పుట నావలన కాలేదు. నాలుగు దినములు వారు యథాప్రకారముగా వచ్చి, చీకటి పెట్టె యెదుట కూర్చుండి, "మళ్లా ఎప్పుడొస్తాది పంతులూ?" అని యడిగి, నన్నే దోషిగా చూచుచు వెళ్లిరి. వచ్చుట అను క్రియకును దూరదర్శనమునకును గల విడదీయరాని సంబంధము నాకు అప్పుడే తెలియవలసినది.

తెలియలేదు కనుకనే, అమలాపురమునకు బదిలీయై వచ్చి, ఇల్లు కట్టి, పెండ్లాము బిడ్డలతో స్థిరపడిన తరువాత, నలుగురితోపాటు నేనును ఒక పెట్టె కొంటిని. 1987 జనవరి 25 మొదలుకొని ఆదివారము ఉదయములందు రామాయణము వచ్చుచుండిన దినములవి. చేపముల్లువలె అల్యూమినియపు చువ్వలు పేర్చిన యాంటెన్నాను ఇరువది అడుగుల ఇనుపగొట్టమునకు తగిలించి, ఆ గొట్టమును కౌగిలించుకొని నేను పైన, మెట్లమీద మా అబ్బాయి, హాలులో మా ఇల్లాలు. "వచ్చిందా?" అను నా ప్రశ్న అబ్బాయి ద్వారా దిగువకు పోయి, "కొంచెం వచ్చింది, ఇంకొంచెం తిప్పమను" అను సమాధానము వాని ద్వారానే పైకి వచ్చుసరికి "చాలట నాన్నా, దిగిరా" అని మారిపోవుచుండెడిది. ఆకలివేసిన బాలుడు చేసిన యా అనువాదదోషమువలన మా యింటి రాముడు ఏనాడును ఒంటరిగా నడవలేదు. ఆయన ప్రక్కనే ఆయన నీడ, లక్ష్మణస్వామికంటె విశ్వాసముగా, పదునాలుగేండ్లును వెంట నడిచెను. అయినను చేతులు జోడించితిమి. తెరమీద ఈగలు ముసిరినట్లు చుక్కలున్నను, వాటి నడుమ వెదకికొని చూచితిమి.

నడుమ వచ్చిన కేబులు యుగమును గూర్చి చెప్పదగినది తక్కువ. అప్పుడు మేడయెక్కుట కేబులు కుర్రవాని పని. ప్రభుత్వము శాసనము చేసి, 2013 నాటికి హైదరాబాదు, విశాఖపట్నముల వంటి నగరములకును, 2017 నాటికి పల్లెలకును కూడ కేబులుకు డిజిటలు డబ్బా తప్పనిసరి చేసెను. పిమ్మట 2019లో కొత్త ధరల పద్ధతి వచ్చి, మొదటి నూరు ఛానళ్లకు 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు చెల్లించి, ఆపైన డబ్బు పుచ్చుకొను ఛానళ్లను చింతపండు, మినపప్పువలె విడివిడిగా వ్రాసియిమ్మనిరి. పచారీ కొట్టు జాబితా వ్రాయుట నాకు చేతనగును. కాని యీ జాబితా వ్రాయుటకు కూర్చున్న రాత్రి మా యింట జరిగిన వాదోపవాదములను నేనిక్కడ ఉదహరింపను.

ఆ మరునాడే మా మేనల్లుడు విమోచకునివలె ప్రవేశించి, "మావయ్యా, నెలనెలా పైసా కట్టక్కర్లేదు. డీడీ ఫ్రీ డిష్ పెట్టించెయ్. ఒక్కసారి డబ్బా, డిష్ కొనుక్కుంటే జన్మంతా ఫ్రీ" అనెను. 2004 డిసెంబరులో 33 ఛానళ్లతో ఆరంభమైన ఆ ప్రభుత్వసేవ తరువాత పేరు మార్చుకొన్నదనియు, ఛానళ్లును పెరిగినవనియు వాడే చెప్పెను. జన్మంతయు అనినప్పుడు నాకు మిగిలిన జన్మ యెంతయని లెక్క చూచుకొన్నను బేరము లాభసాటిగానే తోచినది. పైకము చెల్లించి, రెండడుగుల గిన్నె, దాని యెదుట చేయి చాచి నిలిచి తరంగములను అందుకొను ఎల్‌ఎన్‌బీ, చుట్ట చుట్టిన నల్లని తీగ, అరచేయి వెడల్పు డబ్బా ఇంటికి తెచ్చుకొంటిమి.

గిన్నె చూడవలసిన జీశాట్-15 అను ఉపగ్రహము, 2015 నవంబరులో ఫ్రెంచి గయానాలోని కౌరూనుండి పైకెగసి, భూమధ్యరేఖకు సూటిగా పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమున, దాదాపు ముప్పదియారు వేల కిలోమీటర్ల యెత్తున, మనతోపాటు తిరుగుచు మనకు కదలనట్లే కనుపించుచుండును. మా యూరినుండి చూచిన అది ఆగ్నేయమున, దక్షిణమునకు ఒకింత మొగ్గి యున్నది. ఆగ్నేయమను మాట నా నోట వెలువడిన వెంటనే, ఉద్యోగవిరమణానంతరము వాస్తుశాస్త్రమును ఆశ్రయించిన మా బావమరది ఉలికిపడెను. "బావగారూ, అది అగ్నిదేవుడి మూలండీ. అక్కడ బరువు పెడితే ఇంకేమన్నా ఉందా! బరువంతా నైరుతిలో ఉండాలి." గిన్నె బరువు మా మనుమరాలి పలకల సంచికంటె తక్కువని నేను మనవి చేసితిని. శాస్త్రము తూనికను ఒప్పుకొనదట. తుదకు గిన్నెను నైరుతి మూలను ప్రతిష్ఠించి, చూపు మాత్రము ఆగ్నేయమునకు సారించునట్లు సంధి కుదిరినది. ఆ నైరుతికిని ఆ ఆగ్నేయాకాశమునకును సరిగా నడుమ ప్రక్కయింటివారి కొబ్బరిచెట్టు మట్ట లాడించుచున్నదని అప్పటికి ఎవ్వరము తల యెత్తి చూడలేదు.

ఇక దిక్కు కుదుర్చుట. టీవీ తెరమీద రెండు గీతలు కనుపించును. ఒకటి స్ట్రెంగ్తు, రెండవది క్వాలిటీ. 9750, 10600, 29500 అను సంఖ్యలను మేనల్లుడు సంకల్పము చెప్పినట్లు చెప్పి డబ్బాకు ఉపదేశించెను. నేను పైకి పోయి గిన్నెను పట్టుకొని "వచ్చిందా?" అంటిని. "స్ట్రెంగ్తు ఎనభై అయిదు మావయ్యా!" ఆనందముతో నా కన్నులు చెమర్చినవి. "క్వాలిటీ సున్నా!"

గిన్నెను తూర్పునకు త్రిప్పితిని: బలము ఎనుబదియైదు, గుణము సున్న. దక్షిణమునకు త్రిప్పితిని: అదియే. విసిగి దానిని పిట్టగోడవైపు త్రిప్పి సున్నమును చూపితిని. అప్పుడును బలము చెక్కుచెదరలేదు. ఆ మొదటి గీత చూపునది చాలవరకు ఎల్‌ఎన్‌బీ తనలో తాను చేసికొను రొదయేయనియు, ఉపగ్రహముతో దానికి పరిచయము లేకున్నను అది నిండుగా నిలుచుననియు తరువాత తెలిసినది. బలము నిండుగనుండి గుణము సున్నగానున్న పై అధికారులను ముప్పదియైదేండ్ల ఉద్యోగమున నేను ముగ్గురిని సేవించితిని గాని, వారికిట్లు గీతలు కట్టి చూపెడి సౌకర్యము ఆనాడు లేకపోయెను.

మూడవ దినమున, చేతులెత్తి, పట్టణములో డిష్‌లు బిగించు కుర్రవానిని పిలిపించితిమి. అతడు నడుమున స్పానరు, చెవిలో పాట పెట్టుకొని వచ్చి, నేను త్రిప్పు విధానమును కాసేపు దయతో చూచి, "ఆయ్, అలా కాదండి మాస్టారూ. మీరు తిప్పేసి వెంటనే అడిగేత్తన్నారు. దానికి టైమియ్యాలండి. రవ్వంత జరిపి, అయిదు లెక్కెట్టి, అప్పుడడగాలండి" అనెను. నలుబదియేండ్ల రహస్యము అయిదు అంకెలలో విప్పినాడు. ఆకాశమునుండి బొమ్మ మా గిన్నెకు చేరుటకు సెకనులో ఎనిమిదవ వంతు చాలును. గిన్నెనుండి డబ్బాలో దిగి, అక్కడ అర్థమై, తెరకెక్కుటకు రెండు మూడు సెకనులు. తెరనుండి ముప్పదడుగుల దూరముననున్న నా చెవికి చేరుటకు మాత్రము, నడుమ మెట్లమీది వార్తాహరుని చిత్తవృత్తిని బట్టి, ఎంతైనను పట్టవచ్చును. పైగా నా చేతిలో గిన్నె ఒక్క డిగ్రీ తొలగిన, అంత దూరమున దాని చూపు ఆరువందల కిలోమీటర్లు తొలగును. ఈ నడుమ నేను తొందరపడి ఎన్ని గ్రహములను ఉపగ్రహములను దాటిపోతినో!

కుర్రవాడు అయిదు లెక్కపెట్టెను. "వచ్చిందాండీ?" "వచ్చింది!" క్వాలిటీ డెబ్బది. అందరము క్రిందికి పరుగెత్తితిమి. బొమ్మ అద్దమువలె నున్నది. ఇంతలో గాలి వీచెను. బొమ్మ చదరములు చదరములుగా విరిగి, మాట్లాడుచున్న పెద్దమనిషి నోరు చెవిదగ్గరకు జరిగి, తెర నల్లబడెను. కుర్రవాడు మరల పైకి పోయి, తల యెత్తి, "మట్టండి" అనెను.

అడ్డమున్నది కొబ్బరిమట్ట. ప్రక్కయింటివారు మట్ట కొట్టింపనిత్తురు గాని, కాయల దింపు వచ్చువరకు ఆగవలెను. దింపువాడు వచ్చిననాడు వారు ఊరిలో నుండవలెను. నెలన్నర మా దూరదర్శనము గాలి లేనప్పుడు మాత్రమే వచ్చెను. ఉక్కబోసిన దినమున "ఇవాళ టీవీ బాగా వస్తుందండోయ్" అని సంతసించిన సంసారము కోనసీమలో మాదొక్కటే అయియుండును.

మట్ట పోయెను. అప్పుడు బయటపడిన సత్యము వేరు. మా ఇల్లాలు డబ్బా రిమోటు, టీవీ రిమోటు రెండును చేత బట్టి (ఒకటి ధ్వనికి, ఒకటి దృశ్యమునకు, రెండింటికిని బాటరీ మందగించినప్పుడు అరచేతితో రెండు దెబ్బలు), నాలుగు సార్లు సోర్సు మార్చి, ఛానళ్లన్నియు ఆద్యంతము త్రిప్పి చూచి, ప్రశాంతముగా, "నా సీరియల్ ఏదండీ?" అనెను. హిందీలో పాటలున్నవి, భజనలున్నవి, కుస్తీలున్నవి. మన సప్తగిరి యున్నది, యాదగిరి యున్నది. ఆమె తొమ్మిదేండ్లుగా ఏ కోడలి కష్టములకు కన్నీరు విడుచుచుండెనో ఆ కోడలు మాత్రము లేదు. "ఫ్రీ అన్నారుగా. ఏడుపు కూడా ఫ్రీగా ఎక్కడొస్తుంది" అని తానే సమాధానపడి, సప్తగిరిలో వ్యవసాయ కార్యక్రమము చూచుట మొదలిడెను. కర్నూలు జిల్లా పల్లెలో నేను ఊరికి చూపించిన ఎరువుల సంగతులు ఈనాడు మా హాలులో నాకే మరల వినబడుచున్నవి.

ఈ డిజిటలు పద్ధతియందు నాకొక్కటే ఆక్షేపణ. పాత యాంటెన్నా బొమ్మకు సంధ్యాకాలమున్నది. వెలుతురు తగ్గినను, చుక్కలు ముసిరినను, వచ్చుచున్నది రాముడో రావణుడో పోల్చుకొనవచ్చును. దీనికి మిట్టమధ్యాహ్నము, అమావాస్య అర్ధరాత్రి తప్ప నడిమి వేళ లేదు. కొంతవరకు అది తప్పులను తానే దిద్దుకొని లోపము మనకు తెలియనీయదు. ఆ హద్దు దాటెనా, ఒక్కసారిగా నోరు మూసికొనును. దట్టమైన వానధారలు ఆ తరంగములను మ్రింగివేయును గనుక, తుఫాను ఎచ్చట తీరము దాటునో వార్తలు చెప్పుచుండగా సరిగా ఆ వాక్యముకడనే మా తెర నల్లబడును. అది మా గుమ్మములోనే దాటుచున్నదని గ్రహింపవలెను. వానలేని దినములందైనను, మార్చి నడుమను సెప్టెంబరు చివరను కొన్ని నాళ్లు సూర్యభగవానుడు సరిగా ఉపగ్రహము వెనుకకు వచ్చి నిలిచి, తన రొదలో దాని మాట కొన్ని నిమిషములు వినబడకుండ చేయునట. ఆకాశమంత చోటుండగా ఆయనకు ఆ యొక్కచోటనే పని కలిగినది.

గడచిన మే నెలలో ప్రక్కయింటి దింపులో ఒక కాయ జారి మా గిన్నె అంచును తాకి, చూపు చెదరగొట్టెను. కుర్రవానిని పిలుచుటకు అహంకార మడ్డు వచ్చినది. అయిదు లెక్కపెట్టు విద్య నాకును తెలియును గదా. మధ్యాహ్నము మూడు గంటలకు స్పానరు చేతబట్టి బయలుదేరగా, ఇల్లాలు వెనుకనుండి, "డాబా మీద గుమ్మడి వడియాలున్నాయి, చూసి నడవండి" అని హెచ్చరించెను. పాత పంచెమీద వరుసలు తీరి తెల్లగా నున్న ఆ వడియములను ఒక్కటైనను త్రొక్కక దాటి, వాయవ్యమునకు వీపు పెట్టి, గిన్నె వెనుక కూర్చుండి, రవ్వంత జరిపి, అయిదు లెక్కపెట్టితిని. "వచ్చిందా?" జవాబు లేదు. ఇంకొక రవ్వ. అయిదు. "వచ్చిందా?" ఇంకొక రవ్వ. ఎండ తగ్గినట్లు, గాలి చల్లబడినట్లు తోచినది. నా యేకాగ్రతకు ప్రకృతి మెచ్చినదనుకొంటిని. "వచ్చిందా?"

"వచ్చింది! వచ్చిందండీ!" వీధి గుమ్మమునుండి కాబోలు, ఇల్లాలి కంఠము ఎన్నడు లేనంత ఉత్సాహముతో వినబడెను. తరువాత ఇంకేమో కూడ అరచినది గాని గాలిలో కలసిపోయినది. వచ్చినదనిన తరువాత వినవలసిన దేమున్నది? గిన్నె కదలకుండ ఊపిరి బిగబట్టి మూడు బోల్టులును మునివ్రేళ్లు తెల్లబడునంతగా బిగించితిని. గిన్నెమీద టపటప నాలుగు చినుకులు రాలినవి. దేవతలు పుష్పవృష్టి కురిపించుచున్నారని వానినట్లే శిరమున ధరించి, వెనుదిరిగి చూడక, పదునెనిమిది మెట్లును రెండేసి చొప్పున దిగితిని.

హాలులో ఎవ్వరును లేరు. తెరమీద "నో సిగ్నల్" అను రెండు మాటలు ఒక మూలనుండి మరొక మూలకు తాపీగా తేలుచున్నవి. తడిసిన కొంగు పిండుకొనుచు, దండెముమీది బట్టలన్నియు చంక నిడుకొని, ఇల్లాలు వీధి తలుపు త్రోసికొని లోనికి వచ్చి, నా రిక్తహస్తములను, స్పానరును, మరల రిక్తహస్తములను చూచెను.

"వానొచ్చిందని అంతలా అరిచాను గదండీ. వడియాలేవీ?"