వెనక సీటు ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

టీకలు రాయడం మన దిక్కు వాళ్లకు కొత్త విద్య కాదు. మెదక్ జిల్లా కొల్చారం ఊరి పేరే ఇంటిపేరైన కోలాచల మల్లినాథసూరి పూనుకోకపోతే కాళిదాసు, భారవి, మాఘుడు ఇప్పటికీ సగం మందికి కొరుకుడు పడేవారు కారు. ఆయన కొడుకు కుమారస్వామి, మన ఓరుగల్లు ప్రతాపరుద్రుడి మీద విద్యానాథుడు కట్టిన ‘ప్రతాపరుద్రీయా’నికి ‘రత్నాపణ’మని వ్యాఖ్య చేశాడు. పైగా భారవి కావ్యానికి రాసిన వ్యాఖ్యకు మల్లినాథుడు పెట్టిన పేరు ‘ఘంటాపథం’. గంటలు కట్టుకున్న ఏనుగులు నడిచే రాచబాట, అంటే అప్పటి హైవే. హైవే పేరుతో వ్యాఖ్య వెలసిన గడ్డ మీద, హైవే మీదే పుట్టిన పద్యానికి వ్యాఖ్య లేకపోవడం పెద్ద లోటు.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మల్లినాథుడు ముందే మాటిచ్చాడు. అందులో మొదటి సగానికి మేమూ కట్టుబడి ఉంటాం.

సందర్భం ఇది. సద్దుల బతుకమ్మకు ఆడబిడ్డ తల్లిగారింటికి పోవాలి. తల్లిగారిల్లు హనుమకొండలో, కాపురం బెంగళూరులో. నడుమ దరిదాపు 700 కిలోమీటర్లు. దసరా సెలవులకు రైలు టికెట్లు దొరకవు గనక కారే గతి. కవయిత్రికి ఆరేళ్లు, ఆమె తమ్ముడికి మూడు. తెల్లవారుజామున బయల్దేరి, దేవనహళ్లి దాటీ దాటకముందే కవయిత్రి నోట కవిత్వం మొదలైంది. అది వచనంలో ముక్కలు ముక్కలుగా వచ్చిన మాట నిజమే. గణాలకు సరిపెట్టింది ఈ వ్యాఖ్యాత. స్టీరింగు పట్టుకున్నవాడికి వేరే పనేముంటుంది?

మూలం

ఇంకనెంత దూర మెప్పుడొస్తది యూరు
ఆకలయ్యె నమ్మ యాపు కారు
వాడు గిల్లె నన్ను వద్దన్న వినడమ్మ
కిటికి సీటు నాది గెలుచుకొంటి

ప్రతిపదార్థం

ఇంకన్ = ఇప్పుడే బయల్దేరినను; ఎంత దూరము = కిలోమీటర్లలో చెప్పిన ఒప్పుకొనబడని దూరము; ఊరు = అమ్మమ్మ ఇల్లు; ఎప్పుడు = గంటలలో చెప్పిన అసలే ఒప్పుకొనబడని కాలమునందు; వస్తది = తనంత తానే మన యొద్దకు నడిచివచ్చును; అమ్మ = ఓ తల్లీ (తండ్రి వినడు గనుక); ఆకలి = ఇంటినుండి తెచ్చిన పులిహోర మీద తప్ప మరి దేనిమీదనైనను కలుగు కోరిక; అయ్యెన్ = ఇడ్లీలు ముగిసిన ఇరువది నిమిషములకు పుట్టెను; కారు ఆపు = స్పష్టము; వాడు = తమ్ముడు; నన్ను = ఏ పాపము నెరుగని నన్ను; గిల్లెన్ = గిల్లెనని ఆరోపణ; వద్దన్నన్ = మొదట తానే గిల్లి, పిమ్మట వద్దని పలికినను; వినడు = మూడేండ్లవాడు గనుక వినడు; కిటికి సీటు = కారులో రెండున్నను ఒక్కటే యున్నట్లు భావింపబడు స్థానము; గెలుచుకొంటి = దీనిమీద పెద్ద రగడ కలదు, ముందు చూడుడు.

మొదటి పాదం

ఈ పాదం చిన్నపిల్లల ప్రశ్నలా కనిపిస్తుంది గాని దీనికి జవాబు చెప్పినవాడు ఎవడూ బాగుపడలేదు. పూర్వ వ్యాఖ్యాతల్లో మొదటివాడు ఫోనులోని మ్యాపు. అతడు వాచ్యార్థవాది. బాగేపల్లి దాటాక ‘ఇంకా 560 కిలోమీటర్లు, తొమ్మిది గంటల పది నిమిషాలు’ అని తేల్చేశాడు. అతడి లెక్కలో మూత్రవిసర్జనలు లేవు, వాంతులు లేవు, పారేసుకున్న బొమ్మ కోసం వెనక్కి తిరగడం లేదు. ఆ మాటే తండ్రి పైకి చదివితే కవయిత్రి ఒక్క క్షణం ఆలోచించి, ‘అంటే ఎంత?’ అంది. ఆమె ప్రశ్న సాధువే. కోసు, ఆమడ అని దూరాన్ని లెక్కపెట్టిన మన పెద్దలు కాలినడకన పోయేవారు. నడిచినవాడికి దూరమంటే ఏమిటో పిక్కలకు తెలుసు. బెల్టు కట్టి కూర్చోబెట్టిన పిల్లకు 560 ఎట్లా తెలియాలి?

రెండో వ్యాఖ్యాత తల్లి. ఈమె కొలమానమే మార్చేసింది. ‘ఇంకో నాలుగు ఛోటా భీములు చూసే వరకు కర్నూలు వస్తది’ అంది. ఆ భీముడు 2008లో హైదరాబాదు స్టూడియోలో పుట్టినవాడే గనక, మన దారిని కొలవడానికి అతణ్ణి మించిన ప్రమాణం లేదని మా అభిప్రాయం. కవయిత్రి ఒప్పుకుంది. గుత్తి దగ్గర సిగ్నల్ పోయి భీముడు లడ్డూ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే బిగుసుకుపోయేసరికి ఆ ప్రమాణమూ చెడింది.

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘానికి ముందు దారంతా చెప్పి ఆ తర్వాత గాని సందేశం చెప్పడు. ఎక్కడ ఆగాలో, ఏ నది నీళ్లు తాగాలో, ఏ ఊళ్లో చుట్టు తిరిగినా సరే చూసి పోవాలో అన్నీ చెబుతాడు. మేఘం ఒక్క ఎదురు ప్రశ్న వెయ్యదు. వెనక సీటు లేని ప్రయాణికుడు గనక ఆ కావ్యం అంత ప్రశాంతంగా నడిచిందని మేము పలుమార్లు అనుకున్నాం.

ఇక ‘ఊరు’ ఏది? వరంగలా, హనుమకొండా, కాజీపేటా? మూడూ ఒకదానిలోకి ఒకటి కలిసిపోయినవే. 2021లో జిల్లాల పేర్లు కూడా మార్చి, వరంగల్ అర్బన్‌ను హనుమకొండ, రూరల్‌ను వరంగల్ చేశారు. కవయిత్రికి ఈ గొడవ పట్టదు. శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి, 158 కిలోమీటర్ల ఆ చక్రంలో ఒక ముక్క తిరిగి ఘట్‌కేసర్ దగ్గర దిగగానే ‘వరంగల్’ అని బోర్డు కనిపిస్తుంది. ఆమె అక్షరాలు కూడబలుక్కుని చదివి, చెప్పులు వేసుకుని దిగడానికి సిద్ధమైంది. బోర్డుకు, ఊరికి నడుమ ఇంకా నూరుకు పైబడి కిలోమీటర్లుంటాయని చెప్పినవాడు ఆ పూటకు శత్రువు.

(అక్కడ పట్టుకునే రహదారి సంఖ్య 163. రుద్రదేవుడు వేయి స్తంభాల గుడి కట్టించింది 1163లో. ఇందులో ఏదో మర్మముందని వాదించేవాళ్లు పుట్టకముందే చెబుతున్నాం, లేదు. నంబర్లు మార్చకముందు ఈ రోడ్డు 202.)

అసలు చిక్కు వక్త ఎవరన్న దగ్గర. కర్నూలు దాటి తుంగభద్ర వంతెన మీద ఉండగా ఫోను మోగింది. తల్లి స్పీకరులో పెట్టింది.

‘ఏడిదాక వచ్చిండ్రు బిడ్డా? ఇంకెంత దూరమున్నది?’

‘అయిపాయెనమ్మా, దగ్గరికొచ్చినం.’

‘పిల్లలు తిన్నరా? అల్లున్ని పైలంగ నడుపుమను. ఎప్పుడొస్తరు మరి?’

దారి సరిగ్గా సగమే అయింది. ‘దగ్గరికొచ్చినం’ అన్నది అబద్ధమా అంటే, శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ రహదారి పొడుగుతో పోలిస్తే దగ్గరే. వ్యాఖ్యాతకు పట్టింది వేరు. పొద్దుటి నుంచి వెనక సీటు నుంచి వింటున్న పాదం అక్షరం పొల్లుపోకుండా హనుమకొండ నుంచి కూడా వస్తోంది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాక మళ్లీ ఫోను. జడ్చర్లలో మళ్లీ. అడిగేది ఆరేళ్ల పిల్లా, అరవై దాటిన ముసలమ్మా అన్నది గొంతును బట్టి తప్ప మాటను బట్టి చెప్పలేం. పిల్ల అడిగితే ‘ఊరుకో’ అంటాం, అత్తగారు అడిగితే అబద్ధం చెబుతాం. తేడా అంతే.

రెండో పాదం

‘ఆకలి’ అన్న శబ్దానికి ఇక్కడ మూడర్థాలు: ఆకలి, ఒంటేలు, విసుగు. ఏది ఎప్పుడో తెలుసుకుని కారు ఆపకపోతే రెండో అర్థం సీటు కవరు మీద సిద్ధిస్తుంది.

వెనకటి రోజుల్లో పిల్లలకు టోల్‌గేటు ధర్మబద్ధమైన విశ్రాంతి. చిల్లర కోసం కారు నిలబడేది, పల్లీలవాడు కిటికీ తట్టేవాడు, జామకాయలు వచ్చేవి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో బాగేపల్లి, మరూరు, కాసేపల్లి, అమకతాడు, పుల్లూరు అన్నీ తల వంచి సలాం కొట్టినట్టు గేటెత్తి పంపేస్తున్నాయి. పెద్దలకు సుఖం. పిల్లలకు మాత్రం ఆగే వంక పోయింది. అందుకే ఆకలి పెరిగిందని మా సిద్ధాంతం.

బాలానగర్ దగ్గర మాత్రం ఆగాల్సిందే. జడ్చర్లకు, షాద్‌నగర్‌కు నడుమ ఉన్న ఈ ఊరి పేరు సీతాఫలాల్లో ఒక రకానికే ఉంది, దసరా కాలం వాటి కాలం. రోడ్డు పక్కన ఆడవాళ్లు గంపలు పెట్టుకుని కూర్చుంటారు. కన్ను విప్పిన కాయలు ఇప్పటికి, గట్టివి అమ్మమ్మకు అని తల్లి ఏరింది. కవయిత్రి ఒక్కొక్క తొన తీసి, గుజ్జు మింగి, నల్లటి గింజను పెదాల మధ్య నిలబెట్టి తమ్ముడికి చూపించి, ఆ తర్వాత ఉమ్మేది. వాడు గింజ ఉమ్మడం రాక ప్రతి తొననూ నమిలి, ముద్దంతా అరచేతిలోకి తెచ్చి తల్లికి ఇచ్చేవాడు. గింజలు బెల్టు బకిలులో దూరాయి. ఆ బకిలు క్లిక్కుమనడానికి హెయిర్‌పిన్ను, ఓపిక, ఒక తిట్టు ఖర్చయ్యాయి.

వ్యాకరణం తెలిసినవారు రెండో పాదానికి మరో అన్వయం చెబుతారు. ‘అమ్మా, కారు ఆపు’ అని కాదు, ‘అమ్మ ఆపు కారు’ అని సమాసం. అనగా అమ్మ ఆపునట్టి కారు. మొదట మేమూ దీన్ని పండితుల కుయుక్తి అనుకున్నాం. కాని ఆలేరు దాటాక బతుకమ్మకు పనికొచ్చే తంగేడు కనిపించింది. ‘ఆపు ఆపు’ అని కేక. ఆపితే తల్లి దిగి, గట్టు మీది తంగేడు కొమ్మలు వంచి తెంపింది. ఇంకో నాలుగు కిలోమీటర్లకు గునుగు. మళ్లీ ‘ఆపు’. హనుమకొండలో పూల మార్కెట్టు లేదా అని తండ్రి అడిగితే, కొన్న గునుగు వేరు, తెంపిన గునుగు వేరు అని జవాబు. పొద్దంతా పిల్లలు కారు ఆపించిన కాలమూ, చివరి గంటన్నరలో వాళ్లమ్మ ఆపించిన కాలమూ తూకం వేస్తే రెండో అన్వయమే బలవత్తరం. పెంబర్తి వచ్చేసరికి పూల సంచుల కింద పిల్లల కాళ్లు కనపడటం లేదు.

మూడో పాదం

ఇది తర్కశాస్త్ర విషయం. కొండ మీద పొగ ఉంటే నిప్పున్నట్టే. చేతి మీద ఎర్రటి మచ్చ ఉంటే గిల్లినట్టే. అక్క చేతి మీద రెండు మచ్చలున్నాయి. అద్దంలో చూపించింది కూడా. పూర్వపక్షం ఏమంటే, ముద్దాయి పిల్లల సీటులో నాలుగు పట్టీలతో బంధింపబడి ఉన్నాడు. 2019 సవరణ ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బెల్టు గాని తగిన సీటు గాని లేకుండా కూర్చోబెడితే వెయ్యి రూపాయల జరిమానా గనక, వాడు కదలకుండా చట్టమే చూసింది. వాడి చెయ్యి అక్కడిదాకా చేరదు. సిద్ధాంతం: చెయ్యి చేరదు, కాని చేతి దగ్గరికి చెయ్యి వెళ్లగలదు. సాక్ష్యం కోసం ఆమే తన చెయ్యి వాడి వేళ్ల కింద పెట్టినట్టు ముందు సీటులోని ప్రత్యక్షసాక్షి చెప్పింది. తీర్పు వాయిదా పడింది. ఇద్దరూ ఏడ్చారు.

నాల్గో పాదం

భువనగిరి దాకా కిటికీ గొడవ లేదు. అక్కడ తండ్రి చేసిన పని తెలివితక్కువది. ఏడుపు మాన్పించడానికి ‘అదిగో కోట! చాళుక్య విక్రమాదిత్యుడు కట్టించిన కోట, మొత్తం ఒకటే బండ!’ అని చూపించాడు. అంత బండ కూడా కారులోంచి చూస్తే ఒక్క కిటికీలోనే పడుతుంది. తల్లి వెనక్కి వంగి ఇద్దరినీ అటూ ఇటూ మార్చింది. చిన్నవాడి సీటు విప్పి మళ్లీ బిగించే లోపు కోట వెనక్కి పోయింది, కిటికీ మాత్రం అక్క పాలైంది.

‘గెలుచుకొంటి’ కాదు, ‘గుంజుకొంటి’ అని తమ్ముడి పక్షంవారు చదువుతారు. గణాలు సరిపోతాయి. కాని యతి చెడుతుంది. ‘కిటికి’లోని ఇకారానికి ‘గె’లోని ఎకారం పొసగుతుంది గాని ‘గు’లోని ఉకారం పొసగదు. కాబట్టి నేరం ఛందస్సులోనే కొట్టుబడిపోయింది.

మర్నాడు సాయంత్రం బతుకమ్మ ఆడటానికి పద్మాక్షి గుట్టకు ఇదే కారు. తాంబాళంలో తంగేడు, గునుగు, బంతి వరుసలు పేర్చిన బతుకమ్మ మూరెడెత్తు లేచింది. రెక్క నలగకుండా తీసుకుపోవాలంటే ఒళ్లో పెట్టుకుని తలుపు పక్కనే కూర్చోవాలి. అమ్మమ్మ ఎవరినీ అడగలేదు. తలుపు తీసి కూర్చుంది, తాంబాళం అందుకుంది, ‘జరుగుండ్రి’ అంది. పిల్లలిద్దరూ నడుమకు జరిగారు. నిన్నంతా 700 కిలోమీటర్లు పోట్లాడిన కవయిత్రి పల్లెత్తు మాట అనలేదు.

అమ్మమ్మ ఆ సీటు గెలుచుకోనూ లేదు, గుంజుకోనూ లేదు. కాబట్టి నాల్గో పాదం తిరగరాయాలి. గణాలు కుదిరాయి, యతి ఇంకా దొరకలేదు.