కుసుమ పూల బిర్యానీ

పువ్వు భాగాలు చెప్పి జీతం తిన్నవాణ్ణి నేను. శాలిబండ దగ్గర ఓ చిన్న బడిలో మందారాన్ని నిలువునా కోసి చూపించేవాణ్ణి. రక్షక పత్రాలు మొగ్గను కాపాడతాయి, ఆకర్షణ పత్రాలు తేనెటీగల్ని పిలుస్తాయి, కేసరాలు పుప్పొడినిస్తాయి. ఆ పుప్పొడి కీలాగ్రం మీద వాలితే, దాన్నుంచి నాళం పుట్టి కీలం గుండా దిగి అండాన్ని చేరుతుంది. అండాశయం కాయవుతుంది, అండాలు విత్తనాలవుతాయి. ఇదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. అంతటి పండితుణ్ణి చార్మినార్ పక్క సందులో కుంకుమపువ్వు అనుకుని ఏం కొన్నానో వినండి.

రంజాన్ రోజులు, కాలు పెట్టే సందు లేదు. తోపుడు బండి మీద ఎర్రటి పోగుల గుట్ట. "అసల్ కశ్మీరీ సాబ్" అన్నాడు బండివాడు. గ్రాము వందల్లో పలికే సరుకును గుప్పెడు 150 రూపాయలకే ఇస్తానన్నాడు. నేను బేరమాడి 130కి దించి, ఏదో గెలిచినట్టు పొట్లం జేబులో వేసుకున్నాను.

ఇక్కడే నా తెలివి చూడాలి. క్లాసులో నేనే లెక్క ఇచ్చేవాణ్ణి: కుంకుమపువ్వుకు కీలాగ్రం చీలికలు మూడే, పోగులంటే అవే, ఎండినవి కిలో కావాలంటే సుమారు లక్షన్నర పువ్వులు కోయాలి, మరి గ్రాముకెన్ని? పిల్లలు టక్కున 150 అనేవారు. ఆ లెక్కన నా గుప్పెడు పోగుల కోసం కశ్మీర్‌లోని పాంపోర్‌లో ఎవరో వందలాది పువ్వులు కోసి, ఒక్కోటీ చేత్తో విప్పి ఉండాలి. 130 రూపాయలకు ఎవడు విప్పుతాడు?

ఆదివారం అత్తగారొచ్చారు. ఆవిడది తాండూరు వైపు సేద్యం. బిర్యానీ దమ్ముకు పెట్టేముందు పాలల్లో పోగులు నానేసి, వంటింట్లోనే పాఠం మొదలెట్టాను. లవంగం తీసి, "ఇది విచ్చుకోని మొగ్గ అత్తమ్మా. ఈ నాలుగు పళ్లు రక్షక పత్రాలు, మధ్యలో గుండు ఆకర్షణ పత్రాలు" అన్నాను. అది నిజమే, అంతవరకు నెగ్గాను. "ఇక ఈ కుంకుమపువ్వు పోగు కీలాగ్రం. ఈ మొక్కలో క్రోమోజోములు మూడు జట్లు, అందుకే గింజ కట్టదు. దుంపలతోనే పెంచాలి."

ఆవిడ గిన్నెలోంచి ఒక పోగు తీసి వేలి మీద పరిచింది. సన్నటి గొట్టం, చివర అయిదు చీలికలు, వాటి మధ్య నుంచి తొంగిచూస్తూ ఒక కాడ.

"గిది కుసుమ పువ్వు గద అల్లుడా! శనగ చేను చుట్టూ ఏస్తం. ముండ్లకు పసులు రావు."

కాదని వాదించాను! పుస్తకం కూడా తెచ్చాను. పుస్తకంలో బొమ్మ ఆవిడ పక్షానే ఉంది.

కుసుమది బంతి, చామంతి కుటుంబం. మనం ఒక పువ్వనుకునే తలలో పదుల కొద్దీ చిన్న పువ్వులుంటాయి. నా పాలల్లో తేలుతున్నవి అవే. గొట్టం ఆకర్షణ పత్రావళి, లోపల కేసరాలు, బయటికొచ్చిన కాడ కీలం. అండాశయం మాత్రం తలలోనే ఉండిపోయి నూనె గింజవుతుంది. ఇన్ని భాగాలున్నదాన్ని పట్టుకుని కీలాగ్రమని ఏ పిల్లాడైనా రాస్తే సున్నా వేసేవాణ్ణి. బిర్యానీకి రంగొచ్చింది, వాసన రాలేదు. అత్తగారు మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నారు.

కుంకుమపువ్వు కొనబోయేవాళ్లు గోరువెచ్చటి నీళ్లలో నాలుగు పోగులు వేసి పావుగంట ఆగండి. అసలుదైతే నీళ్లు మెల్లగా పసుపు తిరుగుతాయి, పోగు మాత్రం ఎర్రగానే ఉండి, నానాక చివర బూరలా విచ్చుకుంటుంది. అయిదు చీలికల గొట్టం కనబడితే కుసుమ. వేసీ వేయగానే రంగంతా నీళ్లలోకి దిగి పోగు వెలిసిపోతే, అది రంగేసిన మొక్కజొన్న పీచు కావచ్చు. కాకపోతే ఆ పీచు మొక్కజొన్న ఆడపువ్వుల కీలమూ కీలాగ్రమే కాబట్టి, దాంతో మోసపోయినవాడికి నాకంటే ఒక మార్కు ఎక్కువే వెయ్యాలి.