మండూకవాహన సేవ

తిరుమల బ్రహ్మోత్సవములలో స్వామి గరుడవాహనముపై ఊరేగుటను కన్నులార చూచినవాడనే కాని, వాహనమే దేవరయై మరియొక వాహనముచేత ఊరేగింపబడు వింతను మాత్రము కాలిఫోర్నియాలోని మా మేనల్లుని యింటికి పోవునంతవరకు నేను చూచి యెరుగను. లాస్ ఏంజెలిస్ నుండి యూటా రాష్ట్రములోని మోయబ్ పట్టణమునకు సుమారు 1,100 కిలోమీటర్లు. ఆ దూరమంతయు మావాడు కొండలెక్కు బండి నొకదానిని కొండలెక్కు బండి మరియొకదాని వెనుక కట్టి ఈడ్చుకొనిపోయెను. వెనుకది రెండు తలుపుల జీపు రాంగ్లరు. ముందుదియు నాలుగు చక్రములకు ఇంజను బలము నందించు ఘనమైన బండియే. ఇట్లు ఈడ్వబడు దానిని అక్కడి యాత్రికులు 'టోడ్' అని ముద్దుగా పిలుతురు. లాగబడినది యను మాటయు బోదురుకప్ప యను మాటయు ఇంగ్లీషు నాలుకపై ఒక్కతీరుగనే పలుకుటచే పుట్టిన చమత్కార మది. ఆ పేరు పెట్టినవాడెవడో కాని వానికి నా నమస్కారము.

"ఇదెక్కని కొండ లేదు మామయ్యా, దిగని లోయ లేదు" అని మావాడు జీపును గూర్చి వచ్చినవారికెల్ల స్తోత్రపాఠము చేయుచుండును. వంశమును చూడగా స్తోత్రార్హమే: 1941 మొదలు 1945 వరకు ఆరు లక్షలకు పైగా తయారై, బురదయనక ఇసుకయనక సేనలను మోసిన జీపుల సంతతి అది. ఆ పూర్వులును యుద్ధమునకు ఓడలపై మోయబడి పోయినవే గదా యని మీరనవచ్చును. సముద్రముపై నడువలేకపోవుట బండికి దోషము కాదు. కాని చాప పరచినట్లున్న రాజమార్గముపై, పసిబిడ్డ మూడుచక్రముల సైకిలు త్రొక్కుకొని పోదగినంత నున్నని చోట, ఈ పర్వతవిజేత తన కాళ్లపై తాను నడువక పరుల తోకకు వ్రేలాడవలసిన అగత్యమేమి? మా విశాఖ మన్యములో జీపు లోపల పదిమందిని, పైన పదిమందిని, వెనుక మెట్టుపై ముగ్గురిని, వారి బుట్టలలోని కోళ్లను మోయుచు ఘాటీ యెక్కి, సాయంకాలమునకు తన చక్రములపై తానే తిరిగివచ్చును. దానికి తాడు కట్టిరనగా ఇంజను చెడినదనియే యర్థము; అప్పుడు డ్రైవరు ముఖము చాటుచేసికొనును.

బయలుదేరు నాటి వేకువజామున జరిగిన తంతును చూచినచో శ్రోత్రియులు సైతము మెచ్చియుందురు. జీపు మూతికి రెండు కొమ్ముల ఇనుపకాడిని తగిలించి, దాని కొనను ముందుబండి వెనుకకు కూర్చి, మేకులు దించి, ఆ కాడి ఊడినను నేలకు తగులకుండ క్రిందుగా రెండు గొలుసులను అడ్డముగా పెనవైచి, జీపు వెనుక అయస్కాంతపు దీపములంటించి, వాని తీగను ముందుబండి దాక లాగి, ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో నుంచి, స్టీరింగు బిగిసిపోకుండ తాళపుచెవిని ఒక మెట్టు త్రిప్పి, మావాడు లేచి నిలబడునప్పటికి వాని నడుము పట్టినది, బారెడు ప్రొద్దెక్కినది. దారిలో మలుపు వచ్చినప్పుడెల్ల నేను వెనుదిరిగి చూడగా, ఖాళీ సీటు ముందు స్టీరింగు చక్రము తనంతట తాను తిరుగుచుండెను. శవమును భుజమునకెత్తుకొని నడచిన విక్రమార్కునకైన త్రోవ పొడవున కథ చెప్పుటకు భేతాళుడుండెను. మా శవమునకు ఆ పాటి మర్యాదయు తెలియదు. మరియొక బండిని లాగునది గంటకు 55 మైళ్లు దాటరాదని కాలిఫోర్నియా చట్టము కావున, ఆ దినమున మమ్ము దాటిపోని కారు లేదు.

"ఎందుకురా ఈ కర్మ?" అంటిని.

"జీపులో అంతదూరం కూర్చుంటే నడుము విరుగుతుంది మామయ్యా. పైగా రాళ్ల మీద ఇరుసు విరిగితే ఇంటికి రావద్దూ?"

"అయితే ముందుబండితోనే కొండ ఎక్కరాదూ?"

"అమ్మో! దానికి గీతలు పడవూ?"

రెండవ హేతువును నేను కొట్టివేయను. ఇరుసు విరిగి ఎడారిలో నిలిచినవాని కష్టము హాస్యమునకు తగదు. కాని ఆ భయమున్నవాడు తన స్తోత్రములో ఒకటి రెండు పాదములు తగ్గించి చదువుట న్యాయము. నన్ను ముగ్ధుని చేసినది మూడవ సమాధానము. బురదలో దిగుటకై పుట్టి, బురదలో దిగుటకై వెలకట్టబడి, బురదలో దిగునను ఖ్యాతికే కొనబడిన బండి, బురద తగులునేమోయని బసలో నీడపట్టున నిలుపబడును. దాని పని చేయుటకు మరియొకటి కొనబడును. ఆ రెండవది అలసిపోవునేమోయని మొదటిదానిచే మోయింపబడును. పనిమనిషికి పనిమనిషిని పెట్టిన జమీందారుల కథలు విన్నాను గాని, ఆ పనిమనిషిని యజమానురాలే పల్లకిలో మోసిన కథ వినలేదు.

సలైనా యను ఊరు దాటినచో గ్రీన్ రివర్ దాక 110 మైళ్లు పెట్రోలు దొరకదు కావున, అక్కడ నొక బంకులో దూరితిమి. ముందు లారీ అడ్డముగా నిలిచియున్నది. వెనుకకు పోవుదమన్న, ఇట్లు కట్టిన బండి వెనుకకు పోదు. దాని ముందుచక్రములు తమకు తోచిన దిక్కునకు అడ్డముగా తిరిగిపోవును. ముందు నుయ్యి, వెనుక గొయ్యి యనుటకు అర్థము నాకు డెబ్బది యేండ్లకు బోధపడినది. వంకరగా బిగిసిన మేకులు చేతికి రాలేదు, సుత్తి వచ్చినది. వెనుకవారు హారను మ్రోగింపకుండుట వారి నాగరకత; దిగివచ్చి తలకొక సలహా యిచ్చుట అన్ని దేశముల నాగరకత. కట్టకడపట విడివడిన జీపులో మావాడు కూర్చుండి తాళపుచెవి ఒక్కమారు త్రిప్పెను. అది ఒక్కసారికే మేల్కొని, చెంగున వెనుకకు పోయి, ఒద్దికగా ప్రక్కకు నిలిచినది. "నడుచుచున్నది గదరా!" అంటిని. మావాడు వినిపించుకొనలేదు. సుత్తితో మేకులు మరల దించుచుండెను.

మోయబ్ ఎర్రరాళ్ల సౌందర్యమును వర్ణించుటకు ఇది చోటు కాదు. 1967లో మొదలైన ఈస్టరు జీపుల జాతరకు పేరుపడిన ఊరది. టైర్లలో గాలి సగమునకు దించి, 'హెల్స్ రివెంజ్', అనగా నరకము తీర్చుకొనిన పగ, అను బాటపై మావాడు ఆ జీపును నడిపినప్పుడు, అది బల్లివలె బండలను కరచుకొని యెక్కిన మాట నిజము. నేను కడ్డీని కరచుకొని ఆంజనేయ దండకము చదివిన మాటయు నిజము. మూడు గంటలలో నరకము ముగిసినది. ఇరుసు విరుగలేదు, మేకైనను వదులు కాలేదు. మావాని ముఖమున కొంచెము ఆశాభంగము కనబడినట్లు నాకు తోచినది.

ఇంటికి వచ్చి గొలుసులు విప్పుచు వాడు నాకు మైళ్లమీటరు చూపెను. తాళపుచెవి ఆ మెట్టుపై నున్నంతసేపు దానిలో అంకె కదలదట. రానుపోను 2,200 కిలోమీటర్లు టైర్లు అరిగినవి. అంకె మాత్రము రాళ్లపై ప్రాకిన ఆ కొద్ది మైళ్లకే పెరిగినది.

"అమ్మేటప్పుడు, బండి పెద్దగా తిరగలేదని ధైర్యంగా చెప్పొచ్చు మామయ్యా" అనెను.