వడపోత చివరే పెట్టండి

హాస్కెల్ భాషలో జాబితా కట్టాలంటే మ్యాప్, ఫిల్టర్ల జోలికి పోకండి. లిస్ట్ కాంప్రిహెన్షన్ ఒక్కటే పట్టుకోండి. రాజమండ్రి చుట్టుపక్కల ఇంజినీరింగ్ చదివే పిల్లలకు నేను చెప్పేది ఇదే. పాఠ్యపుస్తకంలోని విద్యార్థులూ మార్కులూ వద్దు, ఉదాహరణకు ధవళేశ్వరం బ్యారేజీని తీసుకోండి.

కాటన్ దొర 1852లో పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో వచ్చిన ఈ బ్యారేజీకి నాలుగు ఆర్మ్‌లు. ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. మొత్తం 175. ఒక్కో గేటుకూ ఒక రికార్డు కావాలి: ఏ ఆర్మ్, ఎన్నో నంబరు. చేయి తిరిగినవాళ్లు ఇలా రాస్తారు (పేర్లు తెలుగులో పెడుతున్నాను; ‘ఆర్మ్‌లు’ అంటే ఒక్కో ఆర్మ్ పేరూ దాని గేట్ల లెక్కా ఉన్న జతల జాబితా):

[ గేటు ఆర్మ్ నంబరు | (ఆర్మ్, లెక్క) <- ఆర్మ్‌లు, నంబరు <- [1..లెక్క] ]

175 రికార్డులూ సరిగ్గా వస్తాయి. అయినా మీరు ఇలా రాయకండి. ఇందులో షరతు జనరేటర్ లోపల, అంటే [1..లెక్క] అన్న చోట, దాగిపోయింది. బయటికి లాగండి:

[ గేటు ఆర్మ్ నంబరు | (ఆర్మ్, లెక్క) <- ఆర్మ్‌లు, నంబరు <- [1..175], నంబరు <= లెక్క ]

ఇప్పుడు 700 జతలు పుడతాయి, 525 ఆ చివరి షరతు, అంటే గార్డు, దగ్గర రాలిపోతాయి. రాలిపోనివ్వండి. 24వ గేటు మద్దూరుకు ఎందుకు లేదో ఆ చివరి ముక్క చూస్తే చాలు, తెలిసిపోతుంది. పైగా జనరేటర్లు రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడవు కనుక వాటిని తారుమారు చేయొచ్చు: ముందు నాలుగు ఆర్మ్‌ల ఒకటో గేట్లు, ఆ తర్వాత రెండోవి. మొదటి పద్ధతిలో అలా మారిస్తే ‘లెక్క’ ఎవరో తెలియదని కంపైలర్ మొరాయిస్తుంది.

గంట గంటకూ రీడింగ్ కావాలా? గంట <- [0..23] చేర్చండి, గార్డుకు ముందే. గార్డును గంటకు ముందు పెడితే 700 పరీక్షలతో పని అయిపోతుందని అంటారు. నిజమే, చివర ఉంటే 16,800 అవుతాయి. ఎటు చేసినా మిగిలేవి అవే 4,200 రికార్డులు. వరద రోజున ప్రోగ్రాం దిద్దే మనిషికి షరతులన్నీ ఒక్క చోట దొరకాలి. దాని కోసం యంత్రం ఎంత చాకిరీ చేసినా నాకు అభ్యంతరం లేదు. 1985లో మిరాండా భాషలో ఈ రూపాన్ని పెట్టిన డేవిడ్ టర్నర్, గణితంలో సమితిని రాసే తీరునే తీసుకున్నాడు. సమితి రాసేటప్పుడు ఎంత పని పడుతుందని ఎవరూ అడగరు. మీరూ అడగకండి.

మధ్యలో చిన్న చిన్న ఫంక్షన్లు చేసి పేర్లు పెట్టకండి. పన్నెండు వరసలు వచ్చినా సరే, ఒకే బ్రాకెట్లో ఉంచండి.

ఒకసారి 175 చెరిపేసి [1..] అని కూడా రాసి చూడండి. ధవళేశ్వరం గేట్లు 70 తెర మీద పడి ఆగిపోతాయి, ర్యాలి ఎప్పటికీ రాదు. గార్డు కాదన్నదాన్ని వదిలేస్తుంది గానీ జనరేటర్‌ను ఆపదు. లోపల 71, 72, 73 అంటూ లెక్క సాగుతూనే ఉంటుంది. వెంటనే కంట్రోల్ సీ నొక్కకుండా కాసేపు చూస్తూ కూర్చోండి. టేక్‌వైల్ వాడితే ఆగుతుందని పక్కవాళ్లు చెబుతారు. వాడకండి. 175 అనే హద్దు తిరిగి రాసి, గార్డును చివర్లో అలాగే ఉంచండి.